మా వదిన గీసిన మంత్రగత్తె

మా వదినకు నవ్వు వచ్చిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన కొత్తలో ఒకరోజు అన్నయ్య చొక్కా తిరగేసి తొడుక్కుని డ్యూటీకి బయల్దేరాడు. వదిన చూసింది. చెప్పబోయింది. మాట రాలేదు, నవ్వు వచ్చింది. గుమ్మం పట్టుకుని అలాగే కూలబడిపోయింది. పాపం అన్నయ్య, ఆ తిరగేసిన చొక్కాతోనే సిటీ బస్సు నడుపుకుంటూ సగం ఊరు చుట్టి వచ్చాడు.

అలాంటి మనిషి చేసే పనేమిటయ్యా అంటే, పిల్లల్ని హడలగొట్టే బొమ్మలు గీయడం. బూజు పట్టిన కోటలు, గోళ్ళు మెలికలు తిరిగిపోయిన రాణులు, బావిలోంచి పైకి చూసే కళ్ళు. మనందరికీ చిన్నప్పుడు ఎవరో ఒకరు చెప్పిన కథలే. కానీ ఆమె చేతిలో పడితే ఆ కథలకు ఎండ తగలదు.

వదినకు చిన్నప్పటి ముద్దుపేరు మసిపిల్ల. వాళ్ళ నాన్నగారు, అంటే మా మావయ్యగారు, దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. ఆయన అక్షరం రాస్తే, ఆ అక్షరానికి నీడ వేయడం కూతురి పని. బడి నుంచి రాగానే సంచీ ఒక మూల పడేసి, నల్లరంగు డబ్బా ముందు చతికిలబడేది. తండ్రి ఎరుపూ పసుపూ వాడుకుంటే కూతురి వంతుకు ఎప్పుడూ నలుపే వచ్చేది. ముక్కు దురద పెడితే ముక్కు మీద నలుపు, జుట్టు సర్దుకుంటే నుదుటి మీద నలుపు. వీధిలో అందరూ మసిపిల్లా మసిపిల్లా అని పిలిచి, అసలు పేరు మర్చిపోయారు. మా అన్నయ్య కూడా ముద్దొచ్చినప్పుడు "ఒసే మసీ" అనే పిలుస్తాడు.

కంప్యూటర్లో ప్రింటు చేసే ఫ్లెక్సీలు వచ్చాక బోర్డుల పని పడిపోయింది. మావయ్యగారికి చేయి వణకడం కూడా అప్పుడే మొదలైంది. నిచ్చెన ఎక్కొద్దని కూతురు పోట్లాడి, ఆయన్ని తీసుకొచ్చి మా దగ్గరే పెట్టుకుంది. తను పని వెతుక్కుంటూ పిల్లల బొమ్మల పత్రిక ఆఫీసుకు వెళ్ళింది.

టైర్ల దుకాణం పైన రెండు గదులు, అదే ఆఫీసు. ఎండాకాలం గదంతా రబ్బరు వాసన. ఎడిటరు గారు మెత్తని మనిషి. కోపం వచ్చినా, కంగారు పుట్టినా తన చెవి తనే లాక్కునేవారు. ఆయన కుడి చెవి ఎడమదానికంటే పొడుగని వదిన ఇప్పటికీ పందెం కాస్తుంది. ఆయన పత్రికలో రాకుమార్తెలందరికీ గులాబీరంగు బుగ్గలు, అడవులన్నీ పార్కుల్లా ఉండేవి. రాక్షసుడు కూడా అప్పుడే తల దువ్వుకుని వచ్చినట్టు కనిపించేవాడు. వదిన పని ఆ బొమ్మల చుట్టూ గడులు కొట్టడం, జుట్టూ బూట్లూ నలుపు నింపడం.

ఒకసారి బొమ్మలు గీసే ఆయన ఉన్నట్టుండి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. సంచిక ప్రెస్సుకు వెళ్ళాలి, చేతిలో బొమ్మలు లేవు. శాపం తగిలి ఏళ్ళ తరబడి నిద్రపోయిన రాకుమారి కథ అది. ఎడిటరు గారు చెవి లాక్కుంటూ గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి వదిన ముందు ఆగారు.

"అమ్మాయ్, నువ్వు గీయగలవా?"

"గీస్తానండీ. కానీ నాకు తోచినట్టు గీస్తాను."

"ఏదో ఒకటి గీయమ్మా, తెల్ల కాగితం అచ్చేయలేం కదా."

వదిన ఇంటికి వచ్చి వంటగదిలో కూర్చుని ఆలోచించింది. ఒక ఇంట్లో వాళ్ళందరూ వందేళ్ళు పడుకుంటే ఆ ఇల్లు ఎలా ఉంటుంది? మనం రెండు రోజులు ఊరెళ్ళి వస్తేనే సింకులో బొద్దింకలు కాపురం పెడతాయే! అలా మొదలైన బొమ్మలవి. నిద్రపోతున్న వంటవాడి తెరిచిన నోట్లో సాలీడు గూడు. రాజుగారి గడ్డం సింహాసనం దిగి, నేలంతా పాకి, గుమ్మం దాటి వెళ్ళింది. రాకుమారి జుట్టు మెట్ల మీదుగా కిందికి జారి, ఒక్కో మెట్టునూ నల్లగా కప్పేసింది. ఆమెను లేపడానికి వచ్చిన రాకుమారుడు ఆ జుట్టు మీదే కాలు పెట్టి ఎక్కాలి. ఎక్కుతూ ఉంటే కింద ఏదో కదులుతుంది.

అవి చూసి ఎడిటరు గారు రెండు చెవులూ పట్టుకున్నారు.

"ఇది పిల్లల పత్రికమ్మా! శ్మశానం అనుకున్నావా?"

"మరి వందేళ్ళు పడుకుంటే దుమ్ము పట్టదాండీ?" అంది వదిన.

ఆయన దగ్గర వేరే బొమ్మలు లేవు. కళ్ళు మూసుకుని అచ్చేశారు. ఆ సంచిక కోసం పిల్లలు కొట్టుకున్నారు. బడి బస్సుల్లో, బల్లల కింద, దుప్పట్ల లోపల ఎక్కడ చూసినా అదే. ఆ కదిలేదేమిటో చెప్పమని ఆఫీసుకు ఒకటే ఫోన్లు. ఎడిటరు గారు సంతోషంతో కూడా చెవి లాక్కుంటారని వదినకు అప్పుడే తెలిసింది.

మా ఇంట్లో మాత్రం ఒకరికి ఆ పత్రికంటే పడేది కాదు. అన్నయ్యకు. అంత పెద్ద బస్సును సందులు గొందుల్లో తిప్పే మనిషి, పెళ్ళాం గీసిన బొమ్మ చూస్తే బిక్కచచ్చిపోయేవాడు. పత్రిక ఇంటికి రాగానే బోర్లా తిప్పి దాని మీద బియ్యం డబ్బా పెట్టేవాడు.

"అట్ట మీద కళ్ళున్నాయే, నేను ఎటు తిరిగితే అటు చూస్తున్నాయి" అనేవాడు.

"అవి నావేనండీ, అద్దంలో చూసి గీశాను" అనేది వదిన.

"అందుకే మరీ భయం."

నేను అప్పుడు నర్సింగు చదువుతూ వాళ్ళతోనే ఉండేదాన్ని. ఆ ఇల్లు నాకు బాగా గుర్తు. నాలుగంతస్తుల పాత భవనం, మాది మొదటి అంతస్తు. మధ్యలో గుండ్రంగా తిరిగే మెట్లు, ఇనప కటకటాలు, పైన అద్దాల కిటికీ. కింద నిలబడి దగ్గితే పైవాళ్ళు ఆవిరి పట్టుకోమని సలహా చెప్పేంతగా మోగేవి ఆ మెట్లు.

అన్నిటికంటే పైన, నాలుగో అంతస్తులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఉద్యోగమంతా బట్టల మిల్లులో చేసింది. మరమగ్గాల హోరులో పక్కమనిషికి మాట వినపడాలంటే అరవాల్సిందే కదా. రిటైరయ్యాక మగ్గాలు ఆగాయి గానీ ఆవిడ గొంతు మాత్రం దిగలేదు. ఎవరైనా నీళ్ళ మోటారు ఆపడం మర్చిపోయినా, మెట్ల మీద సైకిలు పెట్టినా, పైనుంచి కేక పడేది. పిల్లలు ఆవిడకు సైరనత్త అని పేరు పెట్టారు. ఆవిడ గుమ్మం దాటాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద నడిచేవారు. పెద్దవాళ్ళు కూడా ఆవిడతో మోటారు సంగతి తప్ప ఇంకేం మాట్లాడేవాళ్ళు కాదు.

ఆ రోజుల్లోనే ఎడిటరు గారు వదినకు పెద్ద పని అప్పగించారు. అడవిలో మిఠాయిలతో ఇల్లు కట్టుకుని, దారి తప్పిన పిల్లల్ని పట్టే మంత్రగత్తె కథ. వారం వారం సీరియల్. వదినకు ఇల్లు వెంటనే కుదిరింది. వాన పడితే పైకప్పు పాకమై కారుతుంది, గోడల నిండా చీమలు, కిటికీకి ఈగల తెర. చీమలు తినేసిన గోడకు మంత్రగత్తె రోజూ కొత్త బిస్కెట్లు అతికించుకోవాలి. ఆ పనితోనే ఆమె నడుం విరిగిపోయి గూనిదైంది. అంతవరకు బాగానే ఉంది. మొహమే రాలేదు.

ఎన్ని మొహాలు గీసిందో! చింపి పారేసిన మొహాలతో బుట్ట నిండిపోయింది. ఒకటి పళ్ళ డాక్టరులా ఉంది, ఒకటి మా అన్నయ్యలా ఉంది. అన్నయ్య అది చూసి ఆ పూట అన్నం సగమే తిన్నాడు.

ఆ మధ్యాహ్నం వదిన బొమ్మల ధ్యాసలో మోటారు ఆపడం మర్చిపోయింది. ట్యాంకు పొంగింది. పైనుంచి కేక పడింది. ఆపడానికి పరిగెత్తిన వదిన మెట్ల దగ్గర తల పైకెత్తి చూసింది. నాలుగో అంతస్తు కటకటాల మీంచి సైరనత్త కిందికి వంగి ఉంది. తలంటుకుందేమో, నెరిసిన జుట్టు ముడి విడిపోయి కిందికి వేలాడుతోంది. వెనక అద్దాల కిటికీ వెలుతురు. ఆ వెలుతురులో కళ్ళు రెండు గుంటలు, తెరిచిన నోరు ఒక నుయ్యి.

"ఇల్లంతా ముంచేస్తారా ఏం! చెవుల్లో దూది పెట్టుకున్నారా!"

"ఒక్క నిమిషం అలాగే ఉండండత్తయ్యా, కదలకండి!" అని కింద నుంచి వదిన కేక.

ఆవిడ జీవితంలో ఆవిడ తిట్లకు అలాంటి జవాబు వచ్చి ఉండదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. వదిన కళ్ళ నిండా చూసుకుని ఇంట్లోకి పరిగెత్తింది. మోటారు చివరికి నేను ఆపాను.

ఆ వారం పత్రిక వచ్చింది. సాయంత్రానికల్లా భవనమంతా గుప్పుమంది. కింది వాటా పాప మెట్ల మీద నిలబడి "సైరనత్త! సైరనత్త బొమ్మేశారు!" అని గంతులు వేసింది. వాళ్ళమ్మ పాప నోరు నొక్కి లోపలికి లాక్కెళ్ళింది. అప్పుడు గానీ వదినకు తను చేసిన పని తలకెక్కలేదు. ఆ ముక్కు, ఆ జుట్టు, ఎడమ కనుబొమ మీది పుట్టుమచ్చతో సహా దించేసింది.

"ఏమిటే ఇది, కాస్తయినా మార్చకపోయావా?" అన్నాడు అన్నయ్య.

"మారిస్తే బాగుండలేదండీ."

"ఇల్లు ఖాళీ చేసేద్దాం. రేపే. నేను లోడింగు బండి మాట్లాడతాను."

అంతలో పైనుంచి చెప్పుల చప్పుడు. ఒక్కో మెట్టూ దిగుతోంది. అన్నయ్య వంటగదిలోకి వెళ్ళిపోయాడు. మావయ్యగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, అది తలకిందులుగా ఉంది. తలుపు నేనే తీశాను. సైరనత్త చేతిలో పత్రిక గుండ్రంగా చుట్టి ఉంది, కర్రలా.

"ఆ బొమ్మలు గీసే పిల్ల ఉందా?" అంది.

వదిన గోడకు అతుక్కుపోయి ఉంది. "అత్తయ్యా... అది... తప్పయిపోయింది..."

ఆవిడ లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, పత్రిక విప్పి మోకాళ్ళ మీద సాపు చేసింది. వేలు పెట్టి చూపించింది.

"ఇది నేనేనా?"

వదిన తల ఊపింది.

"ముక్కు ఇంతేనా? నా ముక్కు సరిగ్గా చూశావా? మా అమ్మ ముక్కమ్మా ఇది. మా అమ్మ గుమ్మంలోకి రాకముందే ఆవిడ ముక్కు వచ్చేదనేవాళ్ళు. నువ్వేమో శనగగింజంత గీశావు."

వదిన నోరు తెరిచింది. ఆవిడ ఆగలేదు.

"సరే, ముక్కు వదిలెయ్. ఇక్కడ నేను అరుస్తున్నాను కదా. ఈ అక్షరాలేమిటి, చీమల్లా? మంత్రగత్తె అరిస్తే అడవి అదరొద్దూ? ఇంత చిన్నగా అరిస్తే పిల్లలు పక్కకు తిరిగి పడుకుంటారు. నేను అరిస్తే ఇంతేనా? ఏది, చెప్పు, నేను అరిస్తే ఇంతేనా?"

వంటగదిలోంచి అన్నయ్య "కాదండీ" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

అంతే, వదినకు నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక, గోడకు జారిపోతూ నవ్వింది. నేను భయపడ్డాను. సైరనత్త ఒక క్షణం బిగుసుకుని చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. ఆవిడ నవ్వగా మేమెవరం అంతకుముందు చూడలేదు. నవ్వు కూడా మగ్గం శబ్దంలాగే దడదడమని వచ్చింది.

ఆ అరుపుల సమస్యకు మందు మావయ్యగారి దగ్గర దొరికింది. పేపరు పక్కన పెట్టి, "నేను రాస్తానమ్మా" అన్నారు. చేయి వణుకుతోందని కూతురు సందేహించింది. ఆయన పెద్ద కుంచె తీసి నల్లసిరాలో ముంచి "రా" అని ఒక్క అక్షరం రాశారు. ఆ వణుకుకు అక్షరం అంచులన్నీ చిరిగిపోయి, నిజంగా ఎవరో గొంతు చించుకుని పిలిచినట్టుంది. సైరనత్త దాన్ని చేతిలోకి తీసుకుని "ఆఁ, ఇదీ అరుపంటే" అంది. అప్పటి నుంచి ఆ పత్రికలో కేకలన్నీ మావయ్యగారివే. పొద్దున్నే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కేకలు రాయడానికి కూర్చునేవారు.

సైరనత్త రోజూ మధ్యాహ్నం భోజనం చేసి దిగి వచ్చేది. మిల్లులో చలికి కప్పుకునే పాత శాలువా తెచ్చుకుంది, చీపురు తెచ్చుకుంది. వదిన ఎలా చెబితే అలా నిలబడేది. గూని వంచమంటే వంచేది, వేళ్ళు కొంకర్లు పొమ్మంటే పోయేవి. మధ్యమధ్యలో మిల్లు కబుర్లు చెప్పేది. హోరులో పెదాల కదలిక చూసే మాట అర్థం చేసుకునేవాళ్ళట. అలా దూరం నుంచే సూపర్వైజరును తిట్టుకునేవాళ్ళట, ఆయన ఏదో పొగుడుతున్నారనుకుని చెయ్యి ఊపేవాడట. వదిన నవ్వీ నవ్వీ గీత వంకర పోతే, ఆ వంకర గీత మంత్రగత్తెకు మరీ బాగా నప్పేది.

ఇక పిల్లలు. మొదట కింది వాటా పాప ఒక్కతే ధైర్యం చేసి నాలుగో అంతస్తుకు వెళ్ళింది. తలుపు కొట్టి, "అత్తా, మీరు నిజంగా మంత్రగత్తేనా?" అని అడిగింది. సైరనత్త తలుపు కొంచెమే తెరిచి, సందులోంచి ఒక కన్ను పెట్టి, "ఎవరూ... నా గోడ కొరికిందీ..." అంది. పాప మెట్లన్నీ ఒకే ఊపున దిగి వచ్చి, కింద రొప్పుతూ నిలబడి, మళ్ళీ పైకి పరిగెత్తింది. "ఇంకోసారి భయపెట్టవా అత్తా!" వారం తిరిగేసరికి పక్కవీధి పిల్లలు కూడా భయపడడానికి వరస కట్టారు. చెప్పులు మాత్రం ఒద్దికగా జతలు జతలుగా విడిచేవారు, లేకపోతే మంత్రగత్తె భయపెట్టదు మరి. ఒక తల్లి మా ఇంటికి పోట్లాటకు వచ్చి, "మా అమ్మాయి అన్నం తినాలంటే నేను మంత్రగత్తెలా అరవాలట, ఎలా అరవాలో ఆవిడ చేత చెప్పించండి" అని అడిగి వెళ్ళింది.

ఆఖరి భాగం దగ్గర పడింది. ఆ కథ చివర్లో ఏమవుతుందో పిల్లాడికైనా తెలుసు. పిల్లలు మంత్రగత్తెను పొయ్యిలోకి తోసేస్తారు. వదిన ఆ పేజీ ముందు కూర్చుంది, చేయి ఆడలేదు. ఇన్నాళ్ళూ శవాలనూ సాలీళ్ళనూ హాయిగా పాట పాడుకుంటూ గీసిన మనిషి, ఆ మొహాన్ని మంటల్లో పెట్టలేకపోయింది. చివరికి వేరే ముగింపు గీసింది. మంత్రగత్తె మనసు మారి, పిల్లలకు సారీ చెప్పి, అందరికీ టీ పోస్తుంది.

మధ్యాహ్నం సైరనత్త వచ్చి ఆ పేజీ చూసింది.

"ఏమిటిది?"

"ఆఖరి భాగం అత్తయ్యా."

"ఇన్ని వారాలు హడలగొట్టి, చివరికి సారీ చెప్పిస్తావా? టీ పోయిస్తావా? చక్కెర ఎంతెయ్యమంటారని కూడా అడగమన్నావా? రేపు ఆ పిల్లలకు నా మొహం ఎలా చూపించాలి?"

"మిమ్మల్ని పొయ్యిలోకి ఎలా తోస్తానత్తయ్యా? నా వల్ల కాదు."

"నన్నెవరు తోయమన్నారు? దాన్ని తొయ్యి."

వదిన కళ్ళు తుడుచుకుంది. సైరనత్త కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించింది. ఆవిడకు గొంతు తగ్గించడం వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

"చూడు పిల్లా. మిల్లులో నా ఆఖరి రోజు షిఫ్టు అయిపోయింది. టిఫిన్ డబ్బా సర్దుకున్నాను. వెళ్ళొస్తానర్రా అన్నాను. మగ్గాలు నడుస్తున్నాయి, ఎవరికీ వినపడలేదు. అందరి తలలూ పని మీదున్నాయి, నా పెదాలు చూసినవాళ్ళు కూడా లేరు. అలాగే గేటు దాటి వచ్చేశాను. ఎవర్నీ అనడానికి లేదులే, వాళ్ళ పని వాళ్ళది. కానీ ఒక్కసారైనా, నలుగురూ చూస్తుండగా, అదిరిపోయేట్టు వెళ్ళాలని ఉంది. నువ్వేమో టీ పోసి పంపుతానంటున్నావు."

వదిన ఆ పేజీని నిలువునా చింపింది.

"సరే అత్తయ్యా. ఎలా పడతారు?"

"అలా అడుగు! రా, మెట్ల దగ్గరికి. ఇక్కడైతే గొంతు మోగదు."

శాలువా కప్పుకుని, జుట్టు విరబోసుకుని, సైరనత్త మూడో అంతస్తు మలుపులో నిలబడింది. నాలుగు మెట్లు కింద వదిన కాగితం బిగించిన అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఒకసారి గొంతు సవరించుకుంది. తర్వాత అరిచింది. నేను ఆసుపత్రిలో ఎన్నో కేకలు విన్నాను, అలాంటిది మళ్ళీ వినలేదు. కింద గిన్నె దొర్లినట్టు మొదలై, పైకి పైకి వెళ్ళి, అద్దాల కిటికీని గలగలలాడించి, సన్నగా దారంలా సాగి, టక్కున తెగింది. ఆవిడ చేతులు చాచి, శాలువా రెక్కల్లా పరుచుకుని, మెట్ల మలుపులో వెల్లకిలా పడింది.

భవనంలో తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. రెండో అంతస్తు కాంపౌండరు బీపీ మిషను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కింది వాటా పాప వాళ్ళమ్మ గరిటెతో వచ్చింది. డ్యూటీ దిగి అప్పుడే గేటులోకి వచ్చిన అన్నయ్య, హోటల్లో టిఫిను నింపించి తెచ్చిన క్యారియరు అక్కడే వదిలేసి, మూడేసి మెట్లు ఒక్కో అంగలో ఎక్కాడు. బొమ్మ చూసి సగం అన్నం మానేసిన మనిషి, ఆ కేక వైపు అందరికంటే ముందు పరిగెత్తాడు. "అత్తయ్యగారూ! ఏమైందండీ! అంబులెన్సును పిలవండర్రా!"

సైరనత్త ఒక కన్ను తెరిచింది.

"హుష్! ఎవరూ కదలకండి. అది గీస్తోంది."

అందరూ ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడ్డారు. కాంపౌండరు మిషను గాలి బుడ్డి చేతిలో పట్టుకుని అలాగే ఉన్నాడు. గరిటెలోంచి నూనె బొట్లు బొట్లుగా కారుతోంది. వదిన గీస్తోంది, గీస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది. అయిపోయిందని తల ఊపగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్ళు కూడా కొట్టారు. సైరనత్త లేచి, నడుం పట్టుకుని, శాలువా దులుపుకుని, నాలుగంతస్తుల జనాన్నీ ఒకసారి కలయజూసింది.

"వెళ్ళొస్తానర్రా" అంది.

"వెళ్ళి రండత్తయ్యగారూ!" అన్నారు అందరూ ఒకే గొంతుతో, ఎందుకో ఎవరికీ తెలియకుండానే.

ఆవిడ తన వాటాలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ సాయంత్రం ఇంక కిందికి రాలేదు. వదిన మాత్రం ఇంటికి వచ్చి మొహం కడుక్కుని, "నాకు ఆకలేస్తోంది" అంది. క్యారియరు తీసుకురావడానికి అన్నయ్య మళ్ళీ గేటు దాకా వెళ్ళాడు.

ఆఖరి భాగం రెండు పేజీల వెడల్పున ఒకటే బొమ్మగా వచ్చింది. దాదాపు అంతా నలుపు, మధ్యలో పొయ్యి నోరు, అందులోకి రెక్కలు విప్పుకుని పడుతున్న ఆ మనిషి. పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా మావయ్యగారి కేక. ఎడిటరు గారు ఫోన్ చేసి, "అమ్మాయ్, నాకు ఆ బొమ్మలోంచి శబ్దం వినిపిస్తోంది" అన్నారు. మా భవనంలో పిల్లలు రెండు రోజులు వదినతో మాట్లాడలేదు. సైరనత్తను చంపినందుకు ఆ శిక్ష. తర్వాత అందరూ కలిసి, ఏడుపు మొహాలు పెట్టుకుని, నాలుగో అంతస్తుకు పరామర్శకు వెళ్ళారు. తలుపు దానంతట అదే తెరుచుకుంది. మొహం నిండా పిండి రాసుకుని, తెల్లదుప్పటి కప్పుకుని, దయ్యం నిలబడి ఉంది. ఆ తర్వాత వాళ్ళు పెట్టిన సంతోషపు కేకల గురించి కాంపౌండరు ఇప్పటికీ చెబుతాడు. ఆ దయ్యమే మరో సీరియల్ అయింది.

చాలా ఏళ్ళు గడిచాయి. ఆ సీరియళ్ళన్నీ పుస్తకాలుగా వచ్చాయి. సముద్రం అడుగున గొంతులు కొనుక్కునే ముసలిది, యాపిలు పండుకు విషం పూసే సవతి తల్లి, రాక్షసుడి తల్లి, అందరికీ ఒకటే ముక్కు. పుస్తకాలు చదివినవాళ్ళకు ఆ ముక్కు చుట్టాల్లోవాళ్ళ ముక్కులా అయిపోయింది. మావయ్యగారు పోయే ముందు వారం దాకా కేకలు రాశారు. అన్నయ్య మాత్రం ఇప్పటికీ ఆ పుస్తకాలు చదవడు. కానీ బస్సులో ఎవరి చేతిలోనైనా ఒకటి కనిపిస్తే, టికెట్టు కొట్టే కండక్టరును పిలిచి, "ఆ పాప అడిగినచోట ఆపుతానని చెప్పు" అంటాడు.

మొన్న ఆదివారం లైబ్రరీలో పిల్లల కోసం సభ పెట్టారు. వదినను, సైరనత్తను పిలిచారు. అత్త ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది, వినికిడి కూడా తగ్గింది. గొంతు మాత్రం అలాగే ఉంది. మైకు ఇస్తే, "ఇదెందుకు?" అని పక్కన పెట్టేసింది. ముందు వరసలో ఒక చిన్నది, పళ్ళు ఊడిన పిల్ల, లేచి నిలబడి చాలా గంభీరంగా అడిగింది.

"మీరు పొయ్యిలో పడి చచ్చిపోయారు కదా?"

"అవునమ్మా" అంది అత్త, అంతే గంభీరంగా. "చాలా బాగా చచ్చిపోయాను."

ఆ పిల్ల తృప్తిపడి కూర్చుంది.

తిరిగి వచ్చేటప్పుడు అన్నయ్య నడిపే బస్సే ఎక్కాం. అత్త కిటికీ పక్కన కూర్చుని, వదిన మోచేతిని పొడిచింది.

"వచ్చే కథలో నేనెవర్ని?"

"ఈసారి మీరు రాకుమారి అత్తయ్యా. రాక్షసుడు గోపురంలో బంధిస్తాడు. విడిపించడానికి ఎవరూ రారు. అక్కడే ముసలిదైపోతుంది."

"తర్వాత?"

"విసుగొచ్చి, తనే గోడ పగలగొట్టుకుని కిందికి వస్తుంది. ఆ రాక్షసుడు అప్పటికి లేవలేని ముసలాడు. ఆమె వాడి మంచం చుట్టూ కేకలు పెడుతూ తిరుగుతుంది."

అత్త పెదాలు కదుపుకుంటూ కాసేపు లెక్కలు వేసుకుంది. "వాడికి వినపడుతుందా?"

"వినపడుతుంది."

"అయితే సరే" అని, దిగే స్టాపు వచ్చిందని డ్రైవరు సీటు దాకా వినిపించేలా ఒక్క కేక పెట్టింది. అన్నయ్య బ్రేకు నొక్కాడు. బస్సులో ఉన్నవాళ్ళందరూ ఉలిక్కిపడి లేచారు. మేము నవ్వుకుంటూ, ఆవిడను చెరో చేయీ పట్టుకుని దింపాం.